రెండు పచ్చల మధ్య ముల్లు

సుంకరిమెట్ట సంత దాటాక, కాఫీ తోటల మధ్య రోడ్డు అరకు వైపు తిరిగే మలుపులో, రేకుల షెడ్డు కింద ఒక తెల్ల అంబాసిడర్ ఉంటుంది. దాని యజమాని కొర్రా ఫల్గుణ ఇల్లు షెడ్డు పక్కనే. వానాకాలం ఇంటి పైకప్పు నాలుగు మూలలా కారుతుంది. షెడ్డు మాత్రం కారదు. "మా ఇంట్లో కారని చోటు కారుండే చోటొక్కటే" అని అతని భార్య కనక, తన కాఫీ బడ్డీ ముందు ఆగిన వాళ్లందరితోనూ అంటుంది.

ఫల్గుణ పాడేరులో సర్కారు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా ఆఫీసర్లను కొండలెక్కించడంలోనే గడిచింది. ఘాటీ ఎక్కేటప్పుడు నిద్రపోయేవాళ్లు, దిగేటప్పుడు నిద్రపోయేవాళ్లు అని ఆఫీసర్లు రెండు రకాలని అతని అభిప్రాయం. చివరి రోజుల్లో చేతిలో ట్యాబు పట్టుకుని మేలుకునే ఆఫీసర్లు వచ్చారు. ఆ ట్యాబులో ఊరికో రంగు. రోడ్డు ఆగిపోయిన చోట జీపు ఆపితే, ఆఫీసరు అద్దంలోంచి కొండ మీదకి చూసి, "పైన అంతా బాగానే ఉందా?" అని అడిగేవాడు. ఫల్గుణ "బాగానే ఉండాలండి" అనేవాడు. అంతే, ఊరు ఆకుపచ్చ అయిపోయేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట కనకకు చెప్పి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వేవాడు.

అంబాసిడర్ ఒక పాత కాఫీ తోటది. పెట్రోలు ఇంజను. తోట చేతులు మారాక కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. అడిగి తెచ్చుకుని, రిటైరయ్యాక వచ్చిన తీరికంతా దానికే ధారపోసి బతికించాడు. టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, కనక దగ్గర కాఫీ తాగుతారు, కొందరు ఎక్కి గాలికొండ దాకా ఒక చుట్టు తిరిగొస్తారు. ఇంజనుకు ఏ చిన్న నలత వచ్చినా ఫల్గుణ దాని గొంతు విని చెప్పేసేవాడు. ప్లగ్గు సరిగా కొట్టకపోతే ఒక దగ్గు, కార్బొరేటర్‌లో చెత్త చేరితే ఇంకో దగ్గు. అతను చెవితోనే బండిని నడిపేవాడు.

ఆ చెవికి గండం వరహాలరావు రూపంలో వచ్చింది.

వరహాలరావు విశాఖపట్నంలో పాత కార్ల సంఘానికి కార్యదర్శి. ఒక ఆదివారం పొద్దున్న తన నీలం ఫియట్‌లో ఘాటీ ఎక్కి, కనక బడ్డీ ముందు ఆగాడు. పాత కారున్నవాడికి జీవితంలో రెండే సంతోషాలు: తన కారు స్టార్టవడం, పక్కవాడి కారు స్టార్టు కాకపోవడం. ఆ రెండోది అతనికి దక్కలేదు. ఫల్గుణ తాళం తిప్పీ తిప్పగానే అంబాసిడర్ అందుకుంది.

"చూపులకు బాగానే ఉంది. లోపలెలా ఉందో!" అని వరహాలరావు పెట్టెలోంచి ఒక గుండ్రటి మీటరు తీశాడు. అరచేతంత ఉంది. గాజు కింద అంకెలు, ఒక ముల్లు, రంగు పట్టీలు. "ఇదేంటో తెలుసా? వాక్యూమ్ గేజి. ఇంజనుకి స్టెతస్కోపనుకో. ఇంజను గాలిని ఎంత గట్టిగా పీలుస్తోందో ఈ ముల్లు చెప్తుంది. ఊపిరి బాగుంటే ఆకుపచ్చలో నిలబడుతుంది. లేదంటే కిందే."

"ఊపిరి నా చెవికి ఇనబడతాది కదండీ" అన్నాడు ఫల్గుణ.

"చెవి అబద్ధమాడుతుందయ్యా. ముల్లు ఆడదు. నేను డిజిటల్‌ది కొనుక్కున్నాను, ఇది నువ్వుంచుకో."

ఇచ్చేటప్పుడు ఇద్దరూ ఫొటో దిగారు. ఆ సాయంత్రానికల్లా సంఘం గ్రూపులో "గిరిజన సోదరునికి ఆధునిక సాంకేతిక పరిజ్ఞానం" అనే శీర్షికతో ఆ ఫొటో వెలిసింది. ఫొటోలో వరహాలరావు పూర్తిగా, ఫల్గుణ సగం కనిపిస్తారు.

మర్నాడు ఫల్గుణ గేజి బిగించే పనిలో పడ్డాడు. కార్బొరేటర్ కింద, ఇంజనులోకి గాలీ పెట్రోలూ కలిసి వెళ్లే గొట్టాల మానిఫోల్డుకి ఒక ఇత్తడి మర ఉంది. అది కారు పుట్టినప్పుడు బిగించింది, ఆ తర్వాత ఎవరూ కదిపిన పాపాన పోలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, పానాతో మెల్లగా బతిమాలితే ఊడింది. ఆ చోట చిన్న ఇత్తడి ముక్కును టేపు చుట్టి బిగించాడు. దానికి రబ్బరు గొట్టం తొడిగి క్లిప్పు వేశాడు. గొట్టం సైలెన్సరు వేడి తగలకుండా పక్కనుంచి తిప్పి, వైర్లు పోయే కంతలోంచి లోపలికి లాగి, డ్యాష్‌బోర్డు కింద రేకు పట్టీతో గేజిని నిలబెట్టాడు. పని శుభ్రంగా కుదిరింది.

కనక తొంగిచూసింది. "ఏటి మావా అది, బీపీ మిషనా?"

"బీపీ కాదే. ఊపిరి సూత్తాది."

ఇంజను బాగా వేడెక్కేదాకా ఆగి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, ముల్లు వైపు చూశాడు. ముల్లు చకచకా పైకి లేచింది. పదిహేను దగ్గర ఆగింది. అక్కడే, రాయిలా కదలకుండా నిలబడింది. ఆకుపచ్చ పట్టీ పదిహేడు దగ్గర మొదలవుతుంది. ముల్లున్నది దాని కింద, పసుపుపచ్చ పట్టీలో.

ఫల్గుణ కంగారుగా వరహాలరావుకు ఫోను చేశాడు.

"పదిహేనా?" అవతల్నుంచి గొంతులో సంతాపం, దాని అడుగున కొంచెం సంతోషం. "టైమింగ్ లేటు, నిప్పు ఆలస్యంగా పడుతోంది. కాకపోతే రింగులు పోయాయి. కాకపోతే వాల్వులు. కాకపోతే ఎక్కడో గాలి లీకు. అన్నీ కలిసి కూడా ఉండొచ్చు."

"పచ్చలోనే ఉంది కదా, మరి ఏడుపేటి?" అంది కనక.

"అది పసుపుపచ్చే. ఆకుపచ్చలో ఉండాల."

"రెండూ పచ్చలే కదా మావా!"

ఆ రోజు నుంచీ ఫల్గుణ రోగి ఇంటి మనిషైపోయాడు. నిన్నటిదాకా గాలికొండ ఎక్కిదిగిన కారు, ఇవాళ షెడ్డులో మంచం పట్టింది. టూరిస్టులు అడిగితే, "బండికి ఒంట్లో బావులేదండి" అని తిప్పి పంపేవాడు. ఎక్కడైనా గాలి లీకవుతోందేమోనని అతుకుల మీద కుంచెతో ఆయిలు అద్ది, ఇంజను గొంతు మారుతుందేమో విన్నాడు. మారలేదు. గ్యాస్కెట్టు మార్చాడు. కార్బొరేటర్ విప్పి కడిగాడు. ప్లగ్గులు కొత్తవి వేశాడు. ముల్లు మాత్రం అత్తారింట్లో అలిగి కూర్చున్న కొత్త అల్లుడిలా పదిహేను దగ్గర్నుంచి లేవలేదు.

తన బాధ ఇతరులకూ ఉంటే కొంత తగ్గుతుందంటారు. ఫల్గుణ గేజి ఊడదీసి చంకలో పెట్టుకుని, బుధు దగ్గరికి వెళ్లాడు. బుధుది పాత పెట్రోలు జీపు. కొండ ఊళ్ల జనాన్ని సంతలకు తిప్పుతాడు. ఫల్గుణకు బావమరిది వరస. జీపుకి గేజి తగిలిస్తే ముల్లు పద్నాలుగు దగ్గర ఆడింది.

"బుధూ, నీ జీపు బతకడం కష్టమేరా" అన్నాడు ఫల్గుణ తల ఊపుతూ.

"పొద్దుటే కిక్కిరిసేలా జనాన్నీ, మీద మేకల్నీ ఎక్కించి కొండెక్కించాను బావా. సచ్చిపోనావని దానికెవులూ సెప్పలేదు గావాల!"

ఫల్గుణ ఆగలేదు. పెట్రోలు బండి కనిపిస్తే చాలు, బానెట్టు తెరవమనేవాడు. ఏదీ ఆకుపచ్చలోకి రాలేదు. అరకు లోయలోని ఇంజన్లన్నిటికీ ఏదో అంటురోగం తగిలిందని నిర్ధారణకొచ్చి, ఆ సంగతి సంతలో అందరికీ చెప్పాడు. విన్నవాళ్లలో కొందరు బుధు జీపెక్కడానికి జంకారు. బుధు కనక బడ్డీలో కాఫీ తాగడం మానేశాడు. అతనితోపాటు అతని జనమూ మానేశారు.

"ఇంజన్లకి జొరమో కాదో నాకు తెలీదు గానీ, నా బడ్డీకి మాత్రం అంటుకుంది" అంది కనక.

ఆఖరికి ఫల్గుణ డెల్కో మీద పడ్డాడు. ఏ ప్లగ్గులో ఎప్పుడు నిప్పు పడాలో నిర్ణయించే డబ్బా అది. దాని బోల్టు వదులు చేసి, ఇంజను ఆడుతుండగా వెంట్రుకవాసి తిప్పాడు. ముల్లు కదిలింది! ఇంకొంచెం తిప్పాడు. పదహారు. ఇంకొంచెం. పదిహేడు దాటి ఆకుపచ్చలో కాలు పెట్టింది. ఫల్గుణ అక్కడే బోల్టు బిగించి, కొండదేవరకు దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంజను గొంతు కాస్త కరుకెక్కింది. చెవి ఏదో చెప్పబోయింది. ఫల్గుణ దాన్ని గదమాయించాడు.

"గొంతు మారిందేటి మావా?" అని బడ్డీలోంచి కనక కేకేసింది.

"జబ్బు తగ్గినోడి గొంతు అలాగే ఉంటాది."

మర్నాడు స్టార్టు చేస్తుంటే ఇంజను ఒక్కసారి వెనక్కి తన్నింది. బలం వచ్చిందనుకున్నాడు. ముల్లు ఫొటో వరహాలరావుకి పంపిస్తే, బొటనవేలి బొమ్మ తిరిగొచ్చింది.

ఆ వారంలోనే అరకులో కాఫీ ఉత్సవం. దానికి ప్రత్యేకాధికారి జయశ్రీ. చురుకైన మనిషి, మాట మెత్తన. రైల్లో టైడా స్టేషన్‌లో దిగి, అక్కడినుంచి పాతకాలపు కారులో కొండెక్కి ఉత్సవానికి రావాలని, ఆ దృశ్యం వీడియో తీసి లోకానికి చూపించాలని ఆమె అనుకుంది. కబురు ఫల్గుణకు వచ్చింది. కారుకి బంతిపూల దండలు కట్టి, ఫ్లాస్కు నిండా కాఫీతో కనకను వెనక కూర్చోబెట్టుకుని, టైడాకి బయల్దేరాడు.

గాలికొండ దగ్గర ఆగి చూస్తే ముల్లు కాస్త కుంగింది. అతని మొహమూ కుంగింది. అక్కడినుంచి దిగుతుంటే ఆగిన చోటల్లా ముల్లు పెరిగింది. అనంతగిరిలో కొంచెం, ఆ కింద మరికొంచెం. టైడాలో ఆగేసరికి ఆకుపచ్చ నడిబొడ్డున నిలబడి ఉంది.

"సూసావా! నడిపేకొద్దీ నయమైపోతంది!"

కనక ఫ్లాస్కు ఒళ్లో సర్దుకుంది. దిగేటప్పుడు ఏ బండైనా బాగానే దిగుతుందని ఆమెకు తెలుసు.

జయశ్రీ ముందు సీట్లో కూర్చుంది. వీడియో తీసే అతను వెనక కనక పక్కన సర్దుకున్నాడు. జయశ్రీ కళ్లు నేరుగా గేజి మీద పడ్డాయి. "ఇదేంటండీ?"

"బండి ఆరోగ్యం మేడమ్."

"గ్రీన్‌లో ఉంది! చాలా బాగుంది. నా ట్యాబులో కూడా మండలాలన్నీ గ్రీనే."

కారు కదిలింది. ఘాటీ మొదలైంది. ఎత్తెక్కాలంటే యాక్సిలరేటర్ నొక్కాలి. నొక్కితే ముల్లు పడిపోతుంది. అది ఏ ఇంజనుకైనా అంతే, బరువు లాగేటప్పుడు ముల్లు కిందకే దిగుతుంది.

"అయ్యో, గ్రీన్ పోయింది" అంది జయశ్రీ.

ఫల్గుణ కాలు తీశాడు. ముల్లు లేచింది. కారు కూలబడింది.

"ఏమైంది, ఎందుకాగాం?"

మళ్లీ నొక్కాడు. కారు కదిలింది. ముల్లు పడింది. ఇలా ఒక్కో మలుపూ మేడమ్ కోసం కొంచెం, కొండ కోసం కొంచెం చొప్పున ఎక్కుతుండగా, బానెట్టు కింద చప్పుడు మొదలైంది. సత్తు గిన్నెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు కటకట. నిప్పు పడాల్సిన దానికంటే ముందే పడుతోందని ఇంజను మొత్తుకోవడం అది. ఫల్గుణ చెవికి ఆ సంగతి స్పష్టంగా తెలిసింది. కానీ పక్కన ఆఫీసరు, ఎదురుగా ముల్లు. రెండు మలుపులు పోయాక ఇంజను బుస్సుమని ఆవిరి కక్కి, ఒక పనస చెట్టు పక్కన ఆగిపోయింది.

అప్పుడే కిందినుంచి బుధు జీపు వచ్చింది. ఉత్సవంలో థింసా ఆడడానికి వెళ్తున్న ఆడవాళ్లు అందులో కిక్కిరిసి, పాట పాడుకుంటున్నారు. బుధు ఆపాడు. ఆవిరినీ, బంతిపూలనూ, బావనూ తీరిగ్గా చూశాడు.

"ఏటి బావా, ఆకుపచ్చ బండి ఆగిపోయిందేటి?"

ఫల్గుణ బానెట్టు ఎత్తి ఆవిరిలోకి తల దూర్చాడు.

"మాది సచ్చిపోయిన జీపు మేడమ్. మీకు బయం లేకపోతే ఎక్కండి, బేగి దింపేత్తాను."

జయశ్రీ ఎక్కింది. ఆడవాళ్లు నవ్వుతూ జరిగి చోటిచ్చారు. బంతిపూల దండ అంబాసిడర్ మీంచి ఊడి జీపుకెక్కింది. వీడియో అతను వెనక వేలాడుతూ చిత్రీకరించాడు. ఆ సాయంత్రం ఆ వీడియో ఊరూరా తిరిగింది: "హంగూ ఆర్భాటం లేకుండా ప్రజల మధ్య ప్రయాణించిన అధికారి." అంబాసిడర్ ప్రసక్తే లేదు.

జీపు మలుపు తిరిగాక పాట కూడా వినబడటం ఆగింది. ఫల్గుణ రాతి మీద కూలబడ్డాడు.

"అందరి ముందూ పరువు పోయింది కనకా."

కనక ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసిచ్చింది. "మేడమ్‌కి తెచ్చింది. ఎలాగూ ఆవిడ తాగలేదు, నువ్వు తాగు." ఫ్లాస్కు పక్కన పెడుతూ అంది. "ఆఫీసర్లు బండి దిగకుండా ఊళ్లకి రంగులేత్తన్నారని కడుపు సెక్కలయ్యేలా నవ్వేవోడివి. ఇప్పుడు నువ్వు సేత్తన్నదేటి?"

ఫల్గుణ కాఫీని తాగకుండా రాతి మీద పెట్టేశాడు. ఆమె అన్నది నిజమని అతనికి తెలుసు.

ఇంజను చల్లారాక రేడియేటర్‌లో నీళ్లు పోశాడు. కనక తన తువ్వాలు తీసుకెళ్లి గేజి మీద కప్పేసింది. "ఇంక దాన్ని సూడకు. ఇను."

ఇంజను స్టార్టు చేశాడు. డెల్కో బోల్టు వదులు చేసి, కళ్లు మూసుకుని, మెల్లగా వెనక్కి తిప్పాడు. కరుకుదనం కొద్దికొద్దిగా కరిగి, గొంతు గుండ్రంగా, నిండుగా అయింది. అక్కడ ఆపాడు. ఎత్తు మీద ఒకసారి నడిపి చూశాడు. గులకరాళ్లు లేవు. ఇంకెక్కడా ఆగకుండా అంబాసిడర్ గాలికొండ ఎక్కింది.

అక్కడ తువ్వాలు ఎత్తి చూస్తే, ముల్లు పసుపుపచ్చలో ఎప్పటికంటే కిందకుంది. ఈసారి ఫల్గుణకు భయం కాదు, అనుమానం వచ్చింది. పొద్దున్న దిగేటప్పుడు డెల్కో ముట్టుకోలేదు, మర బిగించలేదు, అయినా ముల్లు పెరుగుతూ పోయింది. మారిందల్లా కొండ. రెండ్రోజులాగి, ఎవరికీ చెప్పకుండా శృంగవరపుకోట దాకా దిగాడు. అదే టైమింగు, అదే ఇంజను. మైదానంలో ముల్లు దర్జాగా ఆకుపచ్చలో నిలబడింది. తిరిగి ఎక్కుతూ ఆగి చూసిన ప్రతిచోటా కొంచెం తగ్గింది. ఇంటికొచ్చేసరికి పదిహేను.

జబ్బు బండిది కాదు, గాలిది. ఎత్తెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. పలచటి గాలిలో ఎంత మంచి ఇంజనైనా మైదానంలో చూపినంత అంకె చూపించదు. ఆ గేజి మీద రంగులు వేసినవాడు కొండెక్కి ఉండడు.

వరహాలరావుకి ఫోను చేసి చెప్పాడు.

"అవునయ్యా, ఎత్తు పెరిగితే తగ్గుతుంది. ఎవరికి తెలీదూ!" అన్నాడు వరహాలరావు.

"మరి సెప్పలేదేటండీ?"

"నువ్వు కొండ సంగతి అడగలేదు కదా!"

నెల తిరక్కుండా సంఘం పత్రికలో "కొండ ప్రాంతాలలో వాక్యూమ్ గేజి: ఒక పరిశీలన" అనే వ్యాసం వచ్చింది. రాసింది వరహాలరావు.

ఫల్గుణ గాజు మీది రంగుల జోలికి పోలేదు, గేజిని విసిరి కొట్టనూ లేదు. దాని ముందు కూర్చుని, ఈసారి అంకెను వదిలేసి, ముల్లు నడవడి చూడటం నేర్చుకున్నాడు. ఉన్నచోట నిలకడగా ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. వణికితే, తూలితే, ఏదో కథ ఉన్నట్టు. అది తెలిశాక ఒక సంగతి గుర్తొచ్చి గతుక్కుమన్నాడు. బుధు జీపులో ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడలేదు, ఆడింది. తను అంకె చూసి ఆటను వదిలేశాడు.

సంత రోజున బుధు దగ్గరికి వెళ్లాడు. అంతమందిలోనూ బుధు మొహం తిప్పుకున్నాడు.

"నీ జీపు సచ్చిపోలేదురా. నేనే తప్పు సెప్పాను" అన్నాడు ఫల్గుణ.

"గట్టిగా అను బావా. ఉల్లిపాయలోడికి ఇనబడలేదు."

ఫల్గుణ గట్టిగా అన్నాడు. ఉల్లిపాయలవాడు విన్నానని చెయ్యి ఊపాడు. అప్పుడు ఫల్గుణ మెల్లగా, "కానీ ఒక్కసారి మళ్లీ గేజి పెట్టనీ" అన్నాడు.

"మళ్లీనా! ఈసారి దినం ఎప్పుడో సెప్తావేటి?"

తిట్టాడు గానీ బానెట్టు ఎత్తాడు. ముల్లు ఉన్నచోటినుంచి ఒక లయలో టిక్కుమని కిందపడి, లేచి, మళ్లీ పడుతోంది. ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని ఫల్గుణ చెప్పాడు. బుధు నమ్మలేదు. నమ్మకపోయినా, వాన పట్టి సవారీలు లేని రోజుల్లో ఇద్దరూ కలిసి ఇంజను విప్పారు. ఒక వాల్వు అంచు మాడిన గారెలా కాలి, అరిగిపోయి ఉంది. అరకునుంచి కొత్తది తెచ్చి, నూరి, కూర్చోబెట్టారు. జీపు మునుపెన్నడూ లేనంత హుషారుగా కొండెక్కింది. బుధు మళ్లీ కనక బడ్డీ ముందు ఆగడం మొదలుపెట్టాడు, వెనక జనంతో సహా.

జీపుకి అంత బలం ఎలా వచ్చిందని సంతలో ఎవరడిగినా బుధు ఒకటే చెప్పేవాడు. జయశ్రీ మేడమ్ కూర్చున్న బండి కదా, ఆ మాత్రం ఉండదా అని. ఆవిడ కూర్చున్న సీటు మీద మేకల్ని ఎక్కనివ్వడం కూడా మానేశాడు. ఒకరోజు కాఫీ తాగుతూ అదే మాట టూరిస్టులకు చెబుతుంటే ఫల్గుణకు ఒళ్లు మండింది.

"ఒరే, వాల్వు మార్చింది నేను కదరా!"

"నువ్వే బావా, ఎవులు కాదన్నారు?" అన్నాడు బుధు గ్లాసు దించి. "మేడమ్ కూకున్నారని సెప్తే జనం ఎక్కుతారు. వాల్వు పోతే మార్సామని సెప్తే, ఎక్కినోలు కూడా దిగిపోతారు."